మన దగ్గు ఏ లెక్కలో ఉంది?

(సోమందేపల్లెలో ఉద్యోగులు, విద్యార్థులు కలిసి జరిపిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభకు పిలవడానికి వచ్చిన డిగ్రీ పిల్లలు "ఈసారి దేని గురించి మాట్లాడతారు సార్?" అని అడిగినారు. "దగ్గు, పడిశం గురించి" అన్నాం. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వినారు. వాళ్ళ తప్పేం లేదు. మన సభల్లో నీళ్ళ గురించి మాట్లాడతాం, నిధుల గురించి మాట్లాడతాం, ఉద్యోగాల గురించి మాట్లాడతాం. ముక్కు కారే సంగతి మైకు ముందు ఎవరు మాట్లాడినారు? కానీ ఇదీ వాటాల వ్యవహారమే. ఎవరి జబ్బు ప్రభుత్వ పుస్తకంలోకి ఎక్కుతుంది, ఎవరిది ఎక్కకుండా పోతుంది అనే దాన్నిబట్టే డాక్టరు యాడికి పోవాలి, మందు యాడికి పోవాలి అనేది తేలుతుంది.

మేం నలుగురం. ఇద్దరు పంతుళ్ళు, ఒక మగ్గం పనివాడు, ఆరోగ్యశాఖలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైన ఒక అక్క. ఈ చలికాలం మొదలైనప్పటి నుంచి ఆదివారాలు మండలంలో ఊరూరా తిరిగినాం. చూసిందీ చదివిందీ కలిపి నలుగురి తరఫునా చెబుతున్నాం.

2025 జనవరి 6న టీవీలు పెట్టిన గోల మీకు గుర్తుండాలి. బెంగుళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇద్దరు పసిబిడ్డలకు, మూడు నెలల పాపకు, ఎనిమిది నెలల బాబుకు, హెచ్‌ఎంపీవీ అనే వైరస్ ఉందని ఐసీఎంఆర్ ప్రకటించింది. మళ్ళా కరోనా వచ్చె, మళ్ళా లాక్‌డౌన్ పెడతారంట అని మన బజారులో కూడా మాస్కులు అడిగినారు. అసలు సంగతేమంటే ఆ వైరస్ కొత్తది కాదు. 2001లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు దాన్ని గుర్తించినారు. అంతకు ముందు నుంచే అది మనుషుల మధ్య తిరుగుతా ఉంది. ఆ బిడ్డలు ఏ పరదేశమూ పోయి రాలేదు. శ్వాస జబ్బులతో ఆసుపత్రికి వచ్చినవాళ్ళ నమూనాలు మామూలుగా పరీక్షించే పద్ధతి ఒకటి అక్కడ నడుస్తా ఉంది, అందులో దొరికింది. ఫ్లూ లాంటి జ్వరాలు మామూలు కంటే పెరగలేదని కేంద్రం అదే రోజు చెప్పగలిగింది కూడా అందుకే. మామూలు అంటే ఎంతో వాళ్ళ దగ్గర లెక్క ఉంది. లెక్క ఉన్నవాడే "భయం లేదు" అని ధైర్యంగా చెప్పగలడు.

బెంగుళూరు మనకు నూరు కిలోమీటర్లకు కాస్త పైన. పొద్దున బస్సెక్కినవాడు పగటి భోజనం అక్కడ చేస్తాడు. అక్కడ తిరిగే వైరస్‌కు కూడా అంతే దూరం. మరి అదే జనవరిలో మన మండలంలో ఎందరు దగ్గినారు? ఎందరికి ఎగశ్వాస వచ్చింది? అది హెచ్‌ఎంపీవీనా, ఇన్‌ఫ్లుయెంజానా, ఇంకోటా? మేం అడిగిన ఎవరి దగ్గరా జవాబు దొరకలేదు.

అదే చలికాలంలో మగ్గాల వీధిలో ఒక పెద్దాయన పోయినాడు. డెబ్భై దాటినాయి. మొదట పడిశం అన్నారు. శొంఠి కషాయం ఇచ్చినారు. రెండో రోజు ఆర్‌ఎంపీ డాక్టరు వచ్చి సూది వేసినాడు, మూడో రోజు ఇంకో సూది, ఒక సెలైను. జ్వరం చూసే కడ్డీ మాత్రం ఒక్కరోజూ పెట్టలేదు. నుదుటి మీద చెయ్యి పెట్టి "ఒళ్ళు వెచ్చగుంది" అన్నారంట. ఐదో రోజు రాత్రి ఊపిరి ఆడక ఆటోలో హిందూపురానికి బయలుదేరినారు. దారిలోనే అయిపోయింది. మరణం నమోదు చేయించినప్పుడు కారణం దగ్గర "వృద్ధాప్యం" అని రాసినారు. ఆయనకు ఫ్లూనే వచ్చిందని మేం చెప్పం. చెప్పడానికి మా దగ్గర ఏ ఆధారమూ లేదు, ఎవరి దగ్గరా లేదు. ఆ ఇంటిలోనే అదే వారం కోడలికి, ఇద్దరు మనవళ్ళకు జ్వరం వచ్చి పోయింది. పక్కింట్లో ముగ్గురికి. ఒక్క వీధిలో వారంలో అంతమంది పడుకుంటే దాన్ని ఆరోగ్యశాఖ భాషలో ఏదో ఒక పేరుతో పిలవాలి. మా అక్క ఆ పేరు చెప్పింది: "క్లస్టర్." మన వీధిలో దాన్ని "గాలి" అన్నారు.

ఇది ఈనాటి కథ కాదు. 1918లో బొంబాయిలో దిగిన ఇన్‌ఫ్లుయెంజా రైలు పట్టాల వెంబడి దేశమంతా పాకింది. దానికి బొంబాయి జ్వరం అనే పేరే పడింది. గుంతకల్లు నుంచి హిందూపురం మీదుగా బెంగుళూరు పోయే లైను అప్పటికే ఉంది. ఆ ఏడాది వానలు కూడా ముఖం చాటేసినాయి. కడుపులో తిండి లేని ఒంటి మీదికి ఆ జ్వరం వచ్చింది. దేశం మొత్తం మీద కోటి మందికి పైనే చచ్చిపోయినారని పరిశోధకుల అంచనా. 1911 నుంచి 1921 వరకు పదేళ్ళలో ఈ దేశ జనాభా పెరగకపోగా తగ్గింది. అట్లాంటి దశాబ్దం ఆ తర్వాత మళ్ళా రాలేదు. మనం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంటిమి. ఊరిలో పుట్టుక, చావు రాయడం గ్రామాధికారి పని. ఆ పుస్తకంలో కలరాకు ఒక గడి, మశూచికి ఒక గడి, జ్వరానికి ఒక గడి. ఇన్‌ఫ్లుయెంజాకు గడి లేదు. కాబట్టి ఆ చావుల్లో ఎక్కువ భాగం "జ్వరం" గడిలోకే పోయినాయి. తర్వాత లెక్కలు కట్టినవాళ్ళు, మామూలు ఏడాదిలో జ్వరం చావులెన్ని, 1918లో ఎన్ని అని తీసివేత చేసి, ఆ తేడాను పట్టుకొని అంచనా వేయాల్సి వచ్చింది.

తెల్లవాడి కాలపు గ్రామాధికారి కనీసం చచ్చినోళ్ళ సంఖ్యయినా రాసి పెట్టినాడు కాబట్టి ఆ తీసివేత కుదిరింది. 1984లో కరణాలు, మునసబుల వ్యవస్థ రద్దయింది. పోవాల్సిందే పోయింది, దానికి మేం కన్నీరు కార్చం. కానీ చావుకు కారణం రాసే పని ఇప్పటికీ అంతంతమాత్రమే. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం రాసి ధ్రువీకరించినవి నూటికి 22.5 మాత్రమే. కరోనా ఏడాది లెక్క అది. మిగతావాళ్ళంతా మన మగ్గాల వీధి పెద్దాయన మాదిరి పోయినవాళ్ళే.

అట్లాగని ప్రభుత్వం దగ్గర ఏ ఏర్పాటూ లేదంటే అబద్ధమవుతుంది. 2004 నవంబరులో కేంద్రం ఐడీఎస్‌పీ అని ఒక పథకం మొదలుపెట్టింది. సమగ్ర వ్యాధి నిఘా పథకం. ప్రపంచ బ్యాంకు డబ్బు. మొదటి విడతలో చేరిన తొమ్మిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఏఎన్ఎం తన సబ్‌సెంటరు పరిధిలో ఎందరికి జ్వరం, ఎందరికి దగ్గు, ఎందరికి విరేచనాలు అని లక్షణాలను బట్టి ఎస్ ఫారం నింపాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు తన అనుమానాన్ని బట్టి పి ఫారం. ల్యాబులో తేలింది ఎల్ ఫారం. సోమవారం నుంచి ఆదివారం వరకు ఒక వారం. ఆ కాగితాలు జిల్లాకు పోవాలి, జిల్లాలో ఉన్న నిఘా విభాగం చూడాలి, ఏదైనా ఊరిలో సంఖ్య ఎగిరితే బృందం బయలుదేరాలి. 2021 ఏప్రిల్ 5న కాగితాల స్థానంలో ఆన్‌లైన్ పద్ధతిని దేశమంతటా ప్రారంభించినారు. అంతకు ముందు పద్దెనిమిది జబ్బుల మీద నిఘా, ఇప్పుడు ముప్పై మూడింటి మీద.

పద్ధతి మంచిదే. దాని ఎస్ ఫారంను మేం మెచ్చుకుంటాం కూడా. పెద్ద యంత్రం అక్కర్లేదు, ఊరి ఆడబిడ్డ కళ్ళు చాలు అన్న నమ్మకం అందులో ఉంది. కానీ మన ఊరిలో జ్వరమొచ్చినవాడు మొదట ఎవరి దగ్గరికి పోతాడు? మెడికల్ షాపుకు పోతాడు. ఇరవై రూపాయలకు రెండు రంగుల మాత్రలు తెచ్చుకుంటాడు. తగ్గకపోతే ఆర్‌ఎంపీ. తగ్గకపోతే హిందూపురం ప్రైవేటు. ఇంకా తగ్గకపోతే బెంగుళూరు. ఈ నాలుగు మెట్లలో ఏఎన్ఎం అక్క పుస్తకం యాడా తగలదు. బెంగుళూరులో చేరినవాడికి పరీక్ష జరిగి జబ్బు బయటపడిందే అనుకోండి, అది అక్కడి ఆసుపత్రి నుంచి, కర్ణాటక దారిన పోయే సమాచారం. అది మన పీహెచ్‌సీ డాక్టరు బల్ల మీదికి వచ్చేసరికి ఆ ఇంట్లో మిగతా అందరూ దగ్గడం అయిపోయి ఉంటుంది. అసలు వస్తే!

ఇంకో చిక్కు మన బతుకు తీరులోనే ఉంది. శెనక్కాయ చెట్లు పెరికి, కాయ కొట్టి, కల్లంలో తూర్పారబట్టే అక్టోబరు, నవంబరు నెలల్లో ఊరంతా దుమ్ము. అప్పుడు దగ్గితే "కల్లం దుమ్ము" అంటాం. పంట ఇంటికి చేరీ చేరకముందే, చేరకపోతే ఇంకా ముందే, బెంగుళూరు కట్టడం పనులకు మూటలు కడతాం. పదిమంది ఒక రేకుల షెడ్డులో పడుకుంటాం. మళ్ళా సంక్రాంతికి కిక్కిరిసిన బస్సుల్లో ఊరికొస్తాం. ఈ దేశంలో ఇన్‌ఫ్లుయెంజా ఏటా రెండుసార్లు తలెత్తుతుందని ఆరోగ్యశాఖే చెబుతుంది: జనవరి నుంచి మార్చి దాకా ఒకసారి, వానలు వెనకపట్టు పట్టే కాలంలో ఇంకోసారి. మొదటిది సరిగ్గా మన సంక్రాంతి ప్రయాణం మీద పడుతుంది. చలి రాత్రులు, పొడి గాలి, తలుపులు మూసిన మగ్గం ఇల్లు, పొయ్యి పొగ, బెంగుళూరు నుంచి వచ్చిన కొడుకు. వైరస్‌కు ఇంతకంటే ఏం కావాలి? చలికాలం జబ్బు అని మనం దానికి పెట్టిన పేరు కూడా సగమే నిజం. 2015లో స్వైన్‌ఫ్లూ చలికాలంలోనే విరుచుకుపడింది. దేశంలో 42,592 కేసులు, 2,990 చావులు. 2017లో మళ్ళా 38,811 కేసులు, 2,270 చావులు, అయితే ఆ ఏడు ఎక్కువ దెబ్బ వానాకాలంలో తగిలింది. పరీక్షలో తేలినవాటి లెక్క ఇది. తేలనివి ఎన్నో ఎవరికెరుక?

పరీక్ష సంగతి వచ్చింది కాబట్టి దూరం సంగతి చెప్పాలి. 2009 మే నెలలో దేశంలో మొదటి స్వైన్‌ఫ్లూ కేసు హైదరాబాదు విమానాశ్రయంలో దిగిన ప్రయాణికుడిలోనే బయటపడింది. ఆ తర్వాత ఉమ్మడి రాష్ట్రానికి ఈ పరీక్ష చేసే పెద్ద ప్రభుత్వ ల్యాబు నారాయణగూడలోని ఐపీఎం. సోమందేపల్లె నుంచి నాలుగు వందల కిలోమీటర్లకు పైన. గొంతులో నుంచి తీసిన నమూనా చల్లగా ఉంచి పంపాలి. ఫ్లూకు ఇచ్చే ఒసెల్టామివిర్ మాత్ర మొదటి రెండు రోజుల్లో పడితేనే బాగా పనిచేస్తుంది. రానుపోను దారికే ఆ రెండు రోజులు చాలవు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఐపీఎం అక్కడే ఉండిపోయింది. 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు మన రాష్ట్రంలో మొట్టమొదట పరీక్ష చేసింది తిరుపతి స్విమ్స్. ఆ వెంటనే అనంతపురం వైద్య కళాశాల ల్యాబు కూడా సిద్ధమైంది. ఏప్రిల్లో హిందూపురం రెడ్‌జోన్‌లో పడినప్పుడు, నమూనాలు హైదరాబాదుకో పూణేకో పోవాల్సిన పని లేకుండా జిల్లాలోనే పరీక్ష జరిగింది. తలుచుకుంటే వారాల్లో అయ్యే పనికి పదకొండేళ్ళు పట్టింది.

ఇక్కడ మనవాళ్ళకు ఒక మాట చెప్పాలి, కొంచెం చేదుగా ఉన్నా. అన్నీ రాజధాని చుట్టే పెట్టుకున్నారని మనం అనేది నిజమే. కానీ రాష్ట్రం వస్తే జ్వరం దానంతట అదే లెక్కలోకి ఎక్కదు. తెలంగాణ 2014 జూన్‌లో వచ్చింది. మొదటి చలికాలమే, 2015 జనవరిలో, స్వైన్‌ఫ్లూ ఆ రాష్ట్రాన్ని ఊపేసింది. ల్యాబు వాళ్ళ రాజధానిలోనే ఉంది. అయినా కేంద్ర బృందాలు రావాల్సి వచ్చింది. మనకు 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా వచ్చింది. పుట్టపర్తి దగ్గరైంది, సంతోషమే. కానీ అంతకు ముందు లెక్కలన్నీ అనంతపురం జిల్లా పేరు మీద ఉన్నాయి. ఈ జనవరి నిరుటి పదేళ్ళ జనవరుల కంటే ఎక్కువా తక్కువా అని చూడాలంటే ఆ పాత లెక్కలను మండలాలవారీగా విడదీయాలి. హద్దులు గీసినవాళ్ళు ఆ పని కూడా చేయాలని అడిగే గొంతు మనది కావాలి.

ఉద్యోగ మిత్రులు ఎక్కువమంది ఉన్నారు కాబట్టి లోపలి మాట ఒకటి. మా అక్క సర్వీసులో ఉన్నప్పుడు ఒక చలికాలం తన పరిధిలో జ్వరాలు ఉన్నవి ఉన్నట్టు రాసి పంపింది. మిగతా సబ్‌సెంటర్ల కంటే ఆమె సంఖ్య ఎక్కువ కనబడింది. పైనుంచి డాక్టర్లు వస్తారని ఎదురుచూసింది. వచ్చింది మెమో. నీ ఏరియాలోనే ఎందుకు ఇన్ని జ్వరాలు, నువ్వు పని చేయడం లేదా అని. మరుసటి వారం నుంచి పక్క సబ్‌సెంటరు ఎంత రాస్తే తానూ అంతే రాసింది. ఈ మాట చెప్పేటప్పుడు ఆమె తల దించుకుంది. మేం ఆమెను తప్పు పట్టలేకపోయినాం. ఎక్కువ చూసినవాడికి ఎక్కువ కనబడుతుంది. దానికి శిక్ష వేస్తే ఏ ఉద్యోగీ కళ్ళు తెరవడు. ఉద్యోగ సంఘాలు పీఆర్‌సీ, డీఏల డిమాండ్ల పక్కన దీన్ని కూడా రాయాలని మా కోరిక: కేసులు ఎక్కువ చూపించినందుకు ఎవరికీ మెమో ఇవ్వకూడదు.

లెక్క రాస్తే జ్వరం తగ్గుతుందా అని నిన్న టీ కొట్టు దగ్గర ఒక పెద్దమనిషి అడిగినాడు. తగ్గదు. కానీ ఈ వారం సంఖ్య ఎగిరిందని తెలిస్తే, కడుపుతో ఉన్న ఆడబిడ్డకు, ఉబ్బసం ఉన్నవాడికి, షుగరున్న ముసలాయనకు జ్వరం మొదలైన రోజే ఆసుపత్రికి పోండి అని చెప్పవచ్చు. మామూలు మనిషికి పరీక్ష అక్కర్లేదు, ఇంట్లో పడుకోనీ అనీ చెప్పవచ్చు. కేంద్రం స్వైన్‌ఫ్లూకు పెట్టిన ఏ, బీ, సీ వర్గాల అర్థం ఇదే. పీహెచ్‌సీలో మాత్రలు ముందుగా తెప్పించవచ్చు. వైరస్ జ్వరానికి యాంటీబయాటిక్ సూదులు పొడిచే పని కొంతైనా తగ్గుతుంది. ఆర్‌ఎంపీలను తిట్టడానికి చెప్పడం లేదు. రాత్రి పన్నెండుకు తలుపు కొడితే లేచేది వాళ్ళే. వాళ్ళను కూడా ఈ లెక్కలోకి పిలవాలంటున్నాం. జ్వరం కడ్డీ పెట్టి చూడాలి. 38 డిగ్రీలు, అంటే ఫారన్‌హీట్‌లో 100.4, లేదా అంతకంటే ఎక్కువ జ్వరం, దానితో దగ్గు, మొదలై పది రోజుల్లోపు. ఫ్లూ లాంటి జబ్బుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన కొలత ఇంతే. దీనికి ఎంబీబీఎస్ చదవాలా?

కొందరు పట్టుగూళ్ళ వ్యాపారులు, బేరం దెబ్బతింటుంది, ఊరికి చెడ్డపేరొస్తుంది అన్నారు. ఆ భయం మాకు తెలుసు; 2020లో హిందూపురం పేరు చెబితేనే మనుషులు దూరం జరిగినారు. కానీ అప్పుడు భయం పుట్టింది లెక్క వల్ల కాదు. లెక్క పైకి పోయి, టీవీలో అరుపుగా కిందికి వచ్చింది. సచివాలయం బోర్డు మీద ప్రతి సోమవారం "పోయిన వారం మన ఊరిలో జ్వరం, దగ్గు ఇంతమందికి; అంతకు ముందు వారం ఇంతమందికి" అని నెమ్మదిగా ఒక వరుస రాస్తే అరుపుకు చోటుండదు. పేర్లు అక్కర్లేదు, ఇంటి నంబర్లు అక్కర్లేదు. 2019 అక్టోబరు నుంచి ఊరూరా సచివాలయాలున్నాయి. బోర్డులున్నాయి. సుద్దముక్క కొనాల్సి ఉంది.

ప్రభుత్వం చేసే దాకా చేతులు కట్టుకుని కూర్చోకూడదని మేం నలుగురం ఒక పని మొదలుపెట్టినాం. రెండు బళ్ళ హెడ్మాస్టర్లు తరగతివారీగా ఆ రోజు రాని పిల్లల సంఖ్య ఇస్తామన్నారు. జ్వరం ఊరిలోకి వచ్చిందని ముందుగా చెప్పేది హాజరు పట్టీనే, పాతికేళ్ళు పాఠం చెప్పినవాళ్ళం కాబట్టి మాకది తెలుసు. ఒక మెడికల్ షాపు తమ్ముడు జ్వరం మాత్రలు రోజుకు ఎన్ని షీట్లు అమ్మినాడో చెబుతానన్నాడు. ఆర్‌ఎంపీల్లో ఒకాయన ఒప్పుకున్నాడు, ఇద్దరు ఆలోచిస్తామన్నారు. నూట యాభై పేజీల పుస్తకం ఒకటి, జ్వరం కడ్డీలు ఐదు కొన్నాం. వారం వారం లెక్క పీహెచ్‌సీ డాక్టరుకు ఒక కాపీ ఇస్తాం, ఆయన తీసుకున్నట్టు సంతకం అడుగుతాం.

పుస్తకం ఇదిగో, మొదటి పేజీలో తేదీ మాత్రమే ఉంది. దీన్ని ఇప్పుడు కింద కూర్చున్నవాళ్ళ దగ్గరికి పంపుతున్నాం. పోయిన సోమవారం నుంచి ఈ రోజు దాకా మీ ఇంట్లో ఎవరికైనా జ్వరంతో దగ్గు వచ్చి ఉంటే పేరు రాయొద్దు. ఊరు, వయసు, ఏ రోజు మొదలైంది, మొదట ఎవరి దగ్గరికి పోయినారు, ఈ నాలుగే రాయండి. రాయడం రానివాళ్ళు పక్కనున్న పిల్లలకు చెప్పండి. వెనక వరుసలో దగ్గుతున్న అన్నా, ముందు నీ దగ్గరికే వస్తా ఉంది పుస్తకం.